గీజరు మార్చడం: నీటి పైపు, కరెంటు తీగ

నా ముందు బల్లమీద రెండు వస్తువులున్నాయి. ఒకటి జానెడు పొడవున్న అర అంగుళం జి.ఐ. పైపు ముక్క, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం. రెండోది అంతే పొడవున్న కరెంటు వైరు. లోపల రాగి తీగలు, పైన ప్లాస్టిక్ తొడుగు. ఒకదాంట్లో నీళ్ళు పారతాయి, రెండోదాంట్లో కరెంటు పారుతుంది. ఇంట్లో పైపు పనికి ప్లంబరు వస్తాడు, వైరు పనికి ఎలక్ట్రీషియన్ వస్తాడు. ఒకరి పనిని మరొకరు పట్టించుకోరు. కాని ఈ రెండూ ఒకే డబ్బాలోకి వచ్చి చేరే చోటు ఇంట్లో ఒకటుంది. అదే స్నానాలగది గోడకు వేలాడే గీజరు. ఇవాళ్టి పాఠం దాని గురించే. పాత గీజరు తీసి కొత్తది మనమే బిగించుకోవచ్చా? ఎంతవరకు బిగించుకోవచ్చు? ఎక్కడ ఆగాలి?

నేను పెరిగిన ఊరు జంషెడ్‌పూర్. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట ఉన్న ఉక్కు పట్టణం. ఒకప్పటి సాక్చి గ్రామం దగ్గర టాటావారి కర్మాగారం వెలిశాక, 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాదీ అటువంటిదే. నా బల్లమీది ఈ రెండు వస్తువులకూ ఆ ఊరితో సంబంధం ఉంది. గోల్మురీలో ఇండియన్ కేబుల్ కంపెనీ 1920లో మొదలైంది. కరెంటు కేబుళ్ళు తయారుచేసేది. 2000లో మూతపడింది. 1950లలో వచ్చిన ఇండియన్ ట్యూబ్ కంపెనీ ఉక్కు గొట్టాలు తయారుచేసేది. అది తర్వాత టాటా స్టీల్‌లో కలిసిపోయింది. పైపూ, వైరూ రెండూ తయారుచేసిన ఊరు కాబట్టి అక్కడివాళ్ళకు వీటి సంగతి బాగా తెలిసి ఉంటుందని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. 2003 శీతాకాలంలో మా ఇంట్లో నేను చేసిన ఒక పని చెబుతాను, వినండి.

అప్పుడు మేము కదమాలో ఉండేవాళ్ళం. నేను బి.ఎస్.సి. ఫిజిక్సు చదువుతున్నాను. మా గీజరు పాతది, 15 లీటర్లది. దానిలోకి నీళ్ళు వచ్చే జి.ఐ. పైపు తుప్పుపట్టి కీలు దగ్గర కారుతోంది. మిస్త్రీని పిలుస్తానని నాన్నగారు అంటే, నేనే చేస్తానన్నాను. బజారుకెళ్ళి సి.పి.వి.సి. పైపు, ఎల్బోలు, జిగురు, టెఫ్లాన్ టేపు తెచ్చాను. గీజరుకు చన్నీళ్ళు వచ్చే పైపునూ, వేడినీళ్ళు వెళ్ళే పైపునూ తీసేసి ప్లాస్టిక్ పైపు వేశాను. ఒక్క చుక్క కారలేదు. పని నున్నగా కుదిరింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించాను కూడా.

నెల తర్వాత అమ్మ అంది, "ఒరేయ్, వేడినీళ్ళ కుళాయి తిప్పుతుంటే వేళ్ళకు చురుక్కుమంటోందిరా." చలికి చేతులు పగిలి ఉంటాయమ్మా అన్నాను. రెండోరోజు కూడా అదే మాట. పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. కేబుల్ కంపెనీలో జీవితమంతా పనిచేసినవారు. మేము ఆయన్ని పెదనాన్నగారూ అని పిలిచేవాళ్ళం. అమ్మ మాట ఆయన చెవిన పడింది. వచ్చారు. గీజరు పాడైందా, వైరు కాలిందా అని అడగలేదు. "ఈ మధ్య ఈ గదిలో ఏం మార్చారు?" అని అడిగారు. పైపు మార్చానని గొప్పగా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా ముందు మెయిన్ ఆపేశారు.

ఇప్పుడు ఆ గదిలో జరిగిందేమిటో లెక్కకట్టి చూద్దాం. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న ఓమ్ నియమం తప్ప మరేమీ అక్కర్లేదు.

గీజరులో వేడిచేసే ఎలిమెంటు ఒక లోహపు గొట్టం. దాని మధ్యలో చుట్టతీగ, తీగకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడు పొడి ఉంటాయి. పొడి పొడిగా ఉన్నంతకాలం కరెంటు తీగలోనే ఉంటుంది. గొట్టానికి సన్నటి పగులు వచ్చిందంటే పొడి తడుస్తుంది. అప్పుడు కొంత కరెంటు గీజరు ఒంటికి కారుతుంది. ఆ కారే దారి నిరోధం 2,000 ఓములు అనుకుందాం. మన ఇళ్ళ వోల్టేజి 230. పాత రోజుల్లో గీజరు ఒళ్ళు ఇనుప పైపుకు, ఆ పైపు గోడలోని ఇనుప పైపుకు, అది భూమిలోని ఇనుప పైపుకు కలిసి ఉండేది. ఆ దారి నిరోధం నాలుగైదు ఓములకు మించదు. కాబట్టి సుమారు 0.115 ఆంపియరు ఎవరికీ తెలియకుండా భూమిలోకి పోతూ ఉంటుంది. గీజరు ఒంటిమీద ఉండే వోల్టేజి ఒక వోల్టు కూడా ఉండదు. ముట్టుకుంటే ఏమీ తెలియదు. ఫ్యూజు పోదు. బిల్లులో కనపడేంత తేడా రాదు.

ఆ ఇనుప పైపు తీసేసి ప్లాస్టిక్ పైపు పెట్టాను కదా. భూమిలోకి పోయే దారి మూసుకుపోయింది. లీకు మాత్రం ఆగలేదు. పోయే దారి లేనప్పుడు గీజరు ఒళ్ళు దాదాపు 230 వోల్టుల దగ్గర నిలబడుతుంది. తడి నేలమీద నిలబడి దాన్ని చేత్తో పట్టుకున్న మనిషి నిరోధం 1,000 ఓములు అనుకోండి. 230ని 3,000తో భాగిస్తే సుమారు 77 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలు. ఫ్యూజుకు మాత్రం అది లెక్కలోకే రాదు.

మరి అమ్మకు చురుక్కు మాత్రమే ఎందుకు మంది? ఆమె ముట్టుకున్నది గీజరును కాదు, మీటరు పొడవున్న ప్లాస్టిక్ పైపు చివర ఉన్న ఇత్తడి కుళాయిని. ఆ పైపులోని నీళ్ళే తీగలాగా పనిచేశాయి. అర అంగుళం పైపులో మీటరు పొడవు మామూలు కుళాయి నీటికి రెండు, మూడు లక్షల ఓముల నిరోధం ఉంటుంది. అంటే ఆమె చేతిలోకి వచ్చినది మిల్లీ ఆంపియరుకు కాస్త అటూ ఇటూ. మనిషికి తెలిసీ తెలియనట్టు ఉండే మోతాదు అది. పైన గీజరు పక్కనున్న పైపు కీలు లోహానిది. బట్టలు ఆరేసుకుంటూ ఎవరైనా దాన్ని పట్టుకుని ఉంటే? నీళ్ళు ముట్టుకుంటే చురుక్కుమనడం చిన్న సంగతి కాదని అందుకే చెబుతున్నాను. అది కనిపిస్తే ముందు మెయిన్ ఆపాలి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

పెదనాన్నగారు తన సంచిలోంచి ఒక హోల్డరులో బల్బు, దానికి రెండు వైర్లు ఉన్న టెస్టు ల్యాంపు తీశారు. గీజరు ప్లగ్గు ఊడదీసి, మెయిన్ మళ్ళీ వేయించి, సాకెట్టులో ఫేజుకూ న్యూట్రల్‌కూ పెట్టారు. వెలిగింది. ఫేజుకూ పైనున్న పెద్ద రంధ్రానికీ పెట్టారు. వెలగలేదు. మెయిన్ ఆపి సాకెట్టు విప్పితే, ఎర్త్ తీగ బిగించాల్సిన మర దగ్గర ఏ తీగా లేదు. గోడలోంచి రెండు తీగలే వచ్చాయి. మూడు పిన్నుల ప్లగ్గు, మూడు రంధ్రాల సాకెట్టు, వెనక రెండు తీగలు! ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఆ మూడో తీగ పని తుప్పుపట్టిన నీళ్ళ పైపు చేసింది. నేను దాన్ని కోసి చెత్తలో పారేశాను.

నీళ్ళ పైపును ఎర్త్‌గా వాడుకోవడం అప్పుడూ సరైన పద్ధతి కాదు. ఎర్తింగ్ గురించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 3043 ప్రకారం నీళ్ళ పైపును ఎర్త్ ఎలక్ట్రోడుగా లెక్కించకూడదు. ఎందుకంటే ఆ పైపు మన చేతిలో ఉండదు. వీధిలో ఎవరైనా ఒక ముక్క ప్లాస్టిక్ వేస్తే మీ ఇంటి రక్షణ పోతుంది, మీకు కబురు కూడా రాదు. మా ఇంట్లో ఆ ముక్క వేసినవాణ్ణి నేనే అయ్యాను, అంతే తేడా. ఇనుప పైపులు పోయి ప్లాస్టిక్ పైపులు రావడం నీటికి మంచిదే. తుప్పు ఉండదు, లోపల గార కట్టి సన్నబడదు. కాని పాత ఇళ్ళలో పైపు మార్చే ప్రతిసారీ కరెంటు సంగతి కూడా చూసుకోవాలని ప్లంబరు చెప్పడు. అది అతని పనిగా అతనికి ఎవరూ నేర్పలేదు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. చాలామంది ఇంట్లో కరెంటు పని ఏదైనా మన ఇష్టమే అనుకుంటారు, కొంతమంది బల్బు మార్చడానికి కూడా భయపడతారు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం దీని గురించే. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు, ఇంట్లో వాడే ఉపకరణాలు, ఫిట్టింగులు మార్చుకోవచ్చు. అయితే ఆ మార్పువల్ల ఇన్‌స్టలేషన్ సామర్థ్యం గాని, స్వభావం గాని మారకూడదు. మిగతా పని ఏదైనా లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. 2010లో, మళ్ళీ 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చినా ఈ మినహాయింపు అలాగే ఉంది. నాకు ఈ వాక్యం చాలా నచ్చుతుంది. చేయొద్దు అనలేదు. ఎక్కడ ఆగాలో చెప్పింది.

సామర్థ్యం అంటే ఏమిటి? 2,000 వాట్ల గీజరు తీసి 2,000 వాట్లదే పెడితే కరెంటు మారదు. 2,000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. అదే సాకెట్టు, అదే తీగ, అదే ఎం.సి.బి. సరిపోతాయి. ఇంతకాలం నీళ్ళలో 1,000 వాట్ల రాడ్డు పెట్టుకుంటున్న 6 ఆంపియర్ల సాకెట్టుకు ఈ గీజరు తగిలించారనుకోండి, 6 మోయాల్సినది 8.7 మోస్తుంది. సాకెట్టు మొదట వెచ్చబడుతుంది, తర్వాత పసుపురంగుకు తిరుగుతుంది, తర్వాత వాసన వస్తుంది. అలాగే 2,000 వాట్ల గీజరు తీసి 3,000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు పెడితే 13 ఆంపియర్లు. డబ్బా చిన్నది కాబట్టి కరెంటూ తక్కువే తింటుందని దుకాణాల్లో అనుకునేవాళ్ళను చూశాను. తీగ మందం చూడకుండా ఆ పని చేయకూడదు.

స్వభావం అంటే? నేను చేసిందే ఉదాహరణ. నేను ఒక్క కరెంటు తీగను కూడా ముట్టుకోలేదు. అయినా ఆ గది విద్యుత్ స్వభావం మార్చేశాను.

సరే, సాకెట్టులో ఎర్త్ ఉందని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాడు, కొత్త గీజరు వాట్లు పాతదానికి సమానం. ఇప్పుడు మనమే మార్చుకోవచ్చు. ముందు ఆ సర్క్యూట్ ఎం.సి.బి. దించండి, గోడ స్విచ్చి ఒక్కటే సరిపోదు. గీజరుకు ప్లగ్గు ఉంటే ఊడదీయండి. ప్లగ్గు లేకుండా తీగలు నేరుగా బిగించి ఉంటే నియాన్ టెస్టరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకుని, తర్వాత గీజరు తీగమీద పెట్టండి. పాడైన టెస్టరు వెలగనందువల్ల చనిపోయినవాళ్ళున్నారు. ఇంకో మాట. టెస్టరు ఫేజు ఉందా లేదా అన్నదే చెబుతుంది, ఎర్త్ ఉందో లేదో చెప్పలేదు.

తర్వాత నీళ్ళ వాల్వు కట్టి, వేడినీళ్ళ కుళాయి తెరిచి, గీజరు ఖాళీ చేయాలి. 15 లీటర్ల గీజరు నిండుగా ఉంటే నీళ్ళే 15 కిలోలు. స్టూలు మీద నిలబడి ఒక్కరే దించకండి. కొత్తదాని వెనక రంధ్రాల దూరం పాత బోల్టులతో సరిపోతుందో లేదో కొనేముందే టేపుతో కొలుచుకోండి. మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మర చివర మీవైపు ఉంచి గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దకడుతుంది. పాతకాలం మిస్త్రీలు టేపు బదులు జనపనార, సఫేదా వాడేవారు. జి.ఐ. మరలకు అదీ బాగానే పట్టేది.

గీజరుతో పాటు వచ్చే సేఫ్టీ వాల్వు చాలా ఇళ్ళలో చుక్కలు కారుతోందని డమ్మీతో మూసేస్తారు. అది ఎందుకు కారుతుందో తెలిస్తే ఎవరూ మూయరు. జంషెడ్‌పూర్‌లో పుష్యమాసం తెల్లవారుజామున 10 డిగ్రీల దగ్గర చలి ఉంటుంది. ట్యాంకులో నీళ్ళు 15 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 60కి వేడిచేస్తే నీరు నూటికి ఒకటిన్నర వంతుకు పైగా వ్యాకోచిస్తుంది. 15 లీటర్లకు అది పావు లీటరుకు దగ్గర. లోపలికి వచ్చే దారిలో నీళ్ళు వెనక్కు పోనివ్వని వాల్వు ఉంటుంది. ఆ గ్లాసుడు నీళ్ళు ఎక్కడికి పోవాలి? నీరు నొక్కితే కుంచించుకోదు, ఉక్కు డబ్బా అంత సాగదు. థర్మోస్టాటు కూడా చెడిపోయి వేడి ఆగకపోతే అది గోడకు వేలాడదీసిన బాయిలరే. వాల్వు వదిలే చుక్కల కింద చిన్న గొట్టం పెట్టి మురుగు కన్నంలోకి వదలండి.

బిగించడం అయ్యాక ముందు నీళ్ళు, తర్వాత కరెంటు. వేడినీళ్ళ కుళాయి తెరిచి ఉంచి చన్నీళ్ళ వాల్వు తిప్పండి. మొదట గాలి బుసబుసమంటుంది. ధార ఎడతెగకుండా వచ్చినప్పుడే డబ్బా నిండినట్టు. ఖాళీ డబ్బాకు స్విచ్చి వేస్తే ఎలిమెంటు కొద్దిసేపట్లోనే కాలిపోతుంది. నిండాక ఎంతసేపట్లో కాగుతుందో మీరే లెక్కకట్టవచ్చు. 15 కిలోల నీళ్ళు, 45 డిగ్రీలు, విశిష్టోష్ణం 4.18, మొత్తం సుమారు 2,820 కిలోజౌళ్ళు. 2 కిలోవాట్లతో భాగిస్తే 1,410 సెకన్లు, అంటే 23 నిమిషాలన్నర. యూనిట్లలో 0.78. మీ గీజరు అరగంట దాటినా ఆరకపోతే ఎలిమెంటు మీద గార పేరుకుని ఉండవచ్చు, థర్మోస్టాటు చెడి ఉండవచ్చు.

ఇప్పుడు ఎర్త్ దగ్గరకు మళ్ళీ వద్దాం. టెస్టు ల్యాంపు వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందని అనుకోవచ్చా? 60 వాట్ల బల్బు నిరోధం వెలిగేటప్పుడు సుమారు 880 ఓములు. ఎర్త్ గొయ్యి ఎండిపోయి దాని నిరోధం 100 ఓములు ఉన్నా బల్బు కొంచెమే మందగిస్తుంది, కంటికి తెలియదు. కాని అదే ఎర్త్‌లోకి పూర్తిగా ఫేజు తగిలితే పోయే కరెంటు 2.3 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. కదలదు. గీజరు ఒళ్ళు 230 దగ్గరే ఉంటుంది. పెదనాన్నగారి ల్యాంపు ఎర్త్ లేదని ఖాయంగా చెప్పగలిగింది. ఉంటే ఎంత బాగుందో చెప్పలేకపోయేది. దానికి ఎర్త్ నిరోధం కొలిచే మీటరు వాడాలి.

అందుకే ఆర్.సి.సి.బి. అవసరం. అది ఫేజులో వెళ్ళే కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగివచ్చే కరెంటునూ పోల్చి చూస్తూ ఉంటుంది. వెళ్ళినదంతా తిరిగి రాకపోతే, ఎక్కడో భూమిలోకి కారుతోందన్నమాట. ఇళ్ళలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి సెకనులో చిన్న భాగంలో తెగిపోతుంది. మా ఇంటి 115 మిల్లీ ఆంపియర్ల లీకును అది పాత ఇనుప పైపు ఉన్న రోజునే పట్టుకుని ఉండేది. దానిమీద టి అనే బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి అది పడుతోందో లేదో చూడాలి. మీ ఇంట్లో అది ఉందా? ఉంటే చివరిసారి ఎప్పుడు నొక్కారు? ఒక పరిమితి కూడా చెప్పాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఆర్.సి.సి.బి. కాపాడలేదు. వెళ్ళిన కరెంటు అతని ఒంట్లోంచి సక్రమంగా తిరిగి వస్తోంది కదా, దానికి తేడా కనిపించదు.

ఎర్త్ తీగ లేనిచోట సాకెట్టులో ఎర్త్ మరను న్యూట్రల్‌కు చిన్న తీగతో కలిపేసే అలవాటు ఒకటుంది. బల్బు పెట్టి చూస్తే చక్కగా వెలుగుతుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున ఏ లీకూ లేని కొత్త గీజరు ఒళ్ళు కూడా 230కి చేరుతుంది. ఎవరైనా మీ ఇంట్లో ఆ పని చేయబోతే ఆపండి. వయసులో పెద్దవాడైనా ఫరవాలేదు, మర్యాదగానే ఆపండి.

మా ఇంటి కథ చెప్పి ముగిస్తాను. మర్నాడు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టె దగ్గర నుంచి ఆకుపచ్చ తీగ లాగి, ఆర్.సి.సి.బి. పెట్టి వెళ్ళాడు. పాత గీజరు తగిలించగానే ఆర్.సి.సి.బి. టప్పున పడిపోయింది. నాన్నగారు ఆ గీజరును తూకానికి ఇచ్చేశారు. కొత్త గీజరు నేనే బిగించాను. ఈసారి పెదనాన్నగారు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అమ్మ వేడినీళ్ళ కుళాయిని ముందు వేలి వెనకవైపుతో తాకి చూసి, తర్వాతే తిప్పేది.